పాత జీపు రిపేర్: తోటలో మూలనపడ్డ తాతగారి జీపును మళ్లీ రోడ్డెక్కించాలా? పెయింట్ డబ్బా కొనేముందు ఇవి చూసుకోండి..

మైలవరం నుంచి నూజివీడు వైపు వెళ్తుంటే ఎటు చూసినా మామిడి తోటలే కనిపిస్తాయి. బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు, కలెక్టర్.. సీజన్ వచ్చిందంటే నున్న మార్కెట్ దాకా లోడ్ల హడావిడే. ఇప్పుడంటే ట్రాక్టర్లు, మినీ వ్యాన్లు వచ్చేశాయి. ఒకప్పుడు వానాకాలం బురదలో తోట లోపలిదాకా ధైర్యంగా వెళ్లిన బండి ఒక్కటే.. ఫోర్ వీల్ జీపు. కాయల బుట్టలు, కూలీలు, మందు డ్రమ్ములు.. అన్నీ దాని మీదే. ఎన్నికలొస్తే దానికే మైకు కట్టేవాళ్లు, కొత్త సినిమా వస్తే దానికే పోస్టర్లు అంటించేవాళ్లు.

అలాంటి జీపులు కొన్ని ఇంకా తోట షెడ్లలో టార్పాలిన్ కింద ఉండిపోయాయి. యూట్యూబ్‌లో రీస్టోరేషన్ వీడియోలు చూసి "మనదీ ఇలా చేయిద్దాం" అనుకుంటున్న కుర్రాళ్లు ఎక్కువయ్యారు. పది నిమిషాల వీడియోలో తుప్పు పట్టిన జీపు తళతళా మెరిసిపోతుంది. కానీ ఆ వీడియోలో కనిపించనిది ఒకటుంది. లక్షలు పోసి బండిని కొత్తగా చేశాక, అది రోడ్డెక్కడానికి చట్టం ఒప్పుకోకపోతే? అందుకే ఏ పని ముందు, ఏ పని తర్వాత, ఎక్కడ ప్రాణం మీదకి వస్తుందో వరసగా చూద్దాం.

ఇంతకీ ఈ జీపు కథేంటి?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం అయిపోగానే విల్లీస్ కంపెనీ రైతుల మీద దృష్టి పెట్టింది. 1945లో సీజే అనే పేరుతో సామాన్యులకు అమ్మే జీపులు తెచ్చింది. సీజే అంటే సివిలియన్ జీప్. పొలం దున్నడానికి, పంపు తిప్పడానికి, రంపం ఆడించడానికి పనికొచ్చే బండి అని ప్రచారం చేసుకుంది.

మన దగ్గర ఆ బండి మహీంద్రా పేరుతోనే జనానికి తెలుసు. 1945 అక్టోబర్ 2న లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే ఉక్కు వ్యాపార సంస్థగా మొదలై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మారిన కంపెనీ ఇది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లోనే విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తర్వాత తయారీయే ఇక్కడికి వచ్చేసింది. మన పల్లెల్లో ఎక్కువగా కనిపించిన సీజే-3బీ మోడల్ అమెరికాలో 1953లో వచ్చి 1968లో ఆగిపోయింది. మహీంద్రా మాత్రం ఆ డిజైన్‌ను ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిపించింది. ఈ జీపు ధర 200 రూపాయలు తగ్గి 12,421 రూపాయలైందని చెప్పే 1960 నాటి పాత ప్రకటనను ఆనంద్ మహీంద్రా సోషల్ మీడియాలో పెడితే తెగ వైరల్ అయింది.

సీజే-3బీని గుర్తుపట్టడం తేలిక. బానెట్ మామూలు జీపుల కంటే ఎత్తుగా ఉంటుంది. కారణం లోపలున్న 2.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్. దీంట్లో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాక్‌లో ఉంటాయి. అందుకే ఇంజిన్ పొడుగైంది, దాన్ని మూయడానికి బానెట్ ఎత్తు పెరిగింది.

మొదటి పని సుత్తితో కాదు.. కాగితంతో

చాలామంది చేసే తప్పు ఇక్కడే. ముందు టింకరింగ్ షాపుకు వెళ్తారు, ఆర్సీ సంగతి చివర్లో చూద్దాంలే అనుకుంటారు. అసలు వరస తిరగాలి. మొదట చూడాల్సినవి నాలుగు.

ఒకటి.. ఆర్సీ ఎవరి పేరున ఉంది? తాతగారి పేరునే ఉండి, ఆయన కాలం చేసి ఉంటే బండి వారసుల పేరు మీదకి మారాలి. దీనికి ఫారం 31 ఉంటుంది. చట్టం ప్రకారం ఓనర్ చనిపోయిన 30 రోజుల్లో సమాచారం ఇచ్చి, 3 నెలల్లోపు దరఖాస్తు చేసుకోవాలి. ఎన్నో ఏళ్లు దాటిపోయినా కంగారు పడక్కర్లేదు కానీ, మిగతా వారసుల అంగీకారం, మరణ ధ్రువీకరణ పత్రం లాంటివి ముందే సిద్ధం చేసుకోవాలి. అన్నదమ్ముల మధ్య మాట తేలకుండా ఒకరే డబ్బు పోస్తే, బండి తయారయ్యాక గొడవ ఖాయం.

రెండు.. ఆర్సీలో ఉన్న చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా? తుప్పు ఉంటే కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి, పెన్సిల్ ప్రింట్ తీసుకోండి. ఫోటోలూ తీసి పెట్టుకోండి. ఆ చోట గ్రైండర్ గానీ, ఇసుక బ్లాస్టింగ్ గానీ తగలనివ్వొద్దు. నంబర్ చెరిగిపోయిన చాసిస్‌ను ఆర్టీవో ఆఫీసులో మీదేనని నిరూపించుకోవడం మామూలు తలనొప్పి కాదు.

మూడు.. రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉంది? సొంత వాహనాలకు మొదట 15 ఏళ్లు ఇస్తారు. ఆ తర్వాత బండిని చూపించి 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు లాంటి బండ్ల రెన్యువల్ ఫీజు 5 వేలు అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని 10 వేలకు పెంచారు. ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్ వేరే. మొత్తం ఎంతవుతుందో ఆర్టీవో ఆఫీసులో ముందే అడిగి రాసుకోండి. పాత పుస్తకం ఆర్సీ అయితే వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కి ఉండకపోవచ్చు. అదీ అప్పుడే తేల్చుకోవాలి.

నాలుగు.. ఆ జీపు వేలంలో కొన్నదా? ఒకప్పుడు ప్రభుత్వ శాఖల జీపులు వేలంలో కొని తోటల్లో తిప్పినవాళ్లు ఉన్నారు. ఆ కాలంలో పేరు మార్పించుకుని ఉంటే సరే. కానీ ఇప్పుడు సీన్ మారింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ కాదు, అవి తుక్కుకే వెళ్లాలి. కాబట్టి "గవర్నమెంట్ జీపు, చవగ్గా వస్తోంది" అని ఎవరైనా చెబితే, కాగితాలు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

వింటేజ్ నంబర్ వస్తుందా? రూల్ ఏం చెబుతోంది?

పాత బండ్ల కోసం కేంద్రం 2021 జులైలో ప్రత్యేకంగా రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, ఫోర్ వీలర్లు వింటేజ్ కిందకి వస్తాయి. పరివాహన్ పోర్టల్‌లో ఫారం 20తో అప్లై చేయాలి. ఇన్సూరెన్స్, పాత ఆర్సీ జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5 వేలు. కొత్తగా ఇచ్చే నంబర్‌లో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలు ఉంటాయి. ఇప్పటికే రిజిస్టర్ అయిన బండి అయితే పాత నంబరే ఉంచుకోవచ్చు. ఆ పాత మూడక్షరాల నంబర్ మీద మమకారం ఉన్నవాళ్లకి ఇది శుభవార్తే.

అయితే ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది.. బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు చేసి ఉంటే వింటేజ్ కింద ఒప్పుకోరు. రెండోది ఇంకా ముఖ్యం. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోల్ పోయించుకోవడం, మెయింటెనెన్స్.. వీటికే అనుమతి. అంటే మైలవరం సంతకి వెళ్లొస్తాం, తోటకి కూలీల్ని తీసుకెళ్తాం అంటే కుదరదు.

కాబట్టి ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదీ.. జీపును వాడతారా, దాచుకుంటారా? వాడాలంటే మామూలు రెన్యువల్ దారి. దాచుకుని అప్పుడప్పుడు ర్యాలీకి తీసుకెళ్లాలంటే వింటేజ్ దారి. అసలు కాగితాలే లేకపోతే, దాన్ని తోటలో ప్రదర్శనకు ఉంచే బండిగానే లెక్కేసుకుని, ఖర్చు కూడా ఆ మేరకే పెట్టాలి.

డీజిల్ ఇంజిన్ వేసిన జీపు అయితే?

ఇది మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్న సమస్య. పెట్రోల్ కంటే డీజిల్ చవగ్గా దొరికిన రోజుల్లో పెట్రోల్ జీపులకు డీజిల్ ఇంజిన్లు బిగించడం మామూలే. ఆ మార్పు ఆర్సీలో ఎక్కిందా లేదా అన్నదే అసలు పాయింట్. ఆర్సీలో పెట్రోల్ అని ఉండి బానెట్ కింద డీజిల్ ఇంజిన్ ఉంటే రెన్యువల్ దగ్గర ఆగిపోతుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. ఆ తర్వాత చట్టంలో వచ్చిన మార్పు ప్రకారం, అనుమతి లేకుండా మార్పులు చేస్తే ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. వీడియోల్లో కనిపించే వెడల్పు టైర్లు, కోసి పొడవు పెంచిన చాసిస్‌లు, వేరే కంపెనీ ఇంజిన్లు చూసి మోజు పడేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంజిన్‌ను నిద్ర లేపడం ఎలా?

కాగితాలు తేలాయి. ఇప్పుడు బానెట్ ఎత్తొచ్చు. ఏళ్ల తరబడి ఆగిన ఇంజిన్‌కు కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడమే అన్నింటికంటే పెద్ద పొరపాటు. సిలిండర్‌లో తుప్పు పట్టి పిస్టన్ రింగులు అతుక్కుని ఉంటే, బలవంతంగా తిప్పినప్పుడు రింగులు విరగొచ్చు, బోర్ గీరుకుపోవచ్చు. తక్కువలో పోయే పని రీబోర్ దాకా వెళ్తుంది.

సరైన పద్ధతి ఇది. ముందు ఎలుకల గూళ్లు, ఎండుటాకులు తీసేయాలి. నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి ఒకట్రెండు రోజులు వదిలేయాలి. తర్వాత ప్లగ్గులు లేకుండానే హ్యాండిల్‌తో చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. ఈ జీపులకు ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పే ఏర్పాటు ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. తిరగకపోతే బలం వాడొద్దు, ఇంకా ఆయిల్ పోసి ఆగాలి. తిరిగితే పాత ఆయిల్ దించండి. అది పాలు కలిపినట్టు తెల్లగా వస్తే లోపల నీళ్లు చేరినట్టే. అప్పుడు హెడ్ విప్పక తప్పదు.

హెడ్ విప్పడం, కార్బొరేటర్ కడగడం, పాయింట్లు శుభ్రం చేయడం లాంటివి తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకుని ఇంట్లోనే చేసుకోవచ్చు. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, వాల్వు సీట్ల పని మాత్రం లేత్ వాళ్లకే వదిలేయాలి. ఈ విషయంలో మైలవరం వాళ్లు అదృష్టవంతులు. సుమారు 40 కిలోమీటర్ల దూరంలోనే విజయవాడ ఆటోనగర్ ఉంది. ఏ పార్ట్ ఇచ్చినా ముందు ఫోటో తీసి, కొలతలు రాయించుకుని ఇవ్వండి. విప్పిన ప్రతి బోల్టును పేరు రాసిన డబ్బాలో వేయండి. ఇలాంటి పనులు చాలాచోట్ల మధ్యలో ఆగిపోయేది డబ్బు లేక కాదు, ఏది ఎక్కడిదో మర్చిపోయి.

ప్రాణం మీదకి తెచ్చేవి ఈ నాలుగే

జాకీ, హ్యాండ్ బ్రేక్: ఈ పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ చక్రాలను పట్టుకోదు. గేర్‌బాక్స్ వెనకున్న డ్రమ్మును, అంటే వెనక్కి వెళ్లే షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి జాకీ మీద గాల్లోకి లేస్తే, ఆ చక్రం ఖాళీగా తిరిగి బండి కదిలిపోతుంది. హ్యాండ్ బ్రేక్ వేశాం కదా అని కింద దూరితే అంతే సంగతులు. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలి. చాసిస్ కింద స్టాండ్లు ఉండాలి. వట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి ఎవరూ వెళ్లకూడదు.

బ్రేకులు: నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఆయిల్ లైన్ మాత్రం ఒక్కటే. ఎక్కడ ఒక్క చోట లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. మాస్టర్ సిలిండర్ రబ్బర్లు, వీల్ సిలిండర్ రబ్బర్లు, గొట్టాలు.. వీటిలో "బాగానే ఉందిగా" అనేది లేదు, అన్నీ మార్చాల్సిందే. ఇంకో మాట. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ము విప్పి నోటితోనో, గాలి గొట్టంతోనో దుమ్ము ఊదొద్దు. మాస్క్ పెట్టుకుని తడిపి తుడవాలి.

పెట్రోల్ ట్యాంక్: సీజే-3బీలో ట్యాంక్ డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగ్ పెట్టడం బాంబుతో ఆడుకోవడమే. నిండా ఉన్న ట్యాంక్ కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే త్వరగా పేలుతుంది. చిల్లు పడితే కొత్తది చేయించుకోవడమే మేలు.

వైరింగ్: పాత వైర్ల తొడుగు పెళుసుగా మారి రాలిపోతుంది. టేపు చుట్టి సరిపెట్టొద్దు. మొత్తం వైరింగ్ మార్చి, ఫ్యూజులు పెట్టించండి. బండి 6 వోల్టులదా, 12 వోల్టులదా చూశాకే బ్యాటరీ తగిలించండి. పని జరుగుతున్నన్ని రోజులూ బ్యాటరీ తీసేసి ఉంచాలి. పక్కన మంటలార్పే సిలిండర్ ఒకటి ఉండాలి.

తుప్పు కింద దాక్కుంటుంది.. పుట్టీ దాన్ని కప్పేస్తుంది

బయట కనిపించే తుప్పు కంటే కనిపించనిదే ప్రమాదం. కమాన్ పట్టీలు చాసిస్‌కు బిగించిన చోట, ఫ్లోర్ కింద రేకు మడతల్లో, మ్యాట్ కింద చూడండి. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్తే గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చింది డొప్పలా పలుకుతుంది. పుచ్చిన రేకు కోసి కొత్తది వేయాలి. దాని మీద పుట్టీ మెత్తితే ఒక్క వానాకాలం తిరిగేసరికి పొంగి ఊడిపోతుంది. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్దకుండా నీళ్ల కాగితంతో రుద్దాలి. పిల్లల్ని దగ్గరకి రానివ్వొద్దు.

ఇక టైమింగ్. వానాకాలంలో ఇంజిన్, గేర్‌బాక్స్ పనులు షెడ్డులో చేసుకోండి. గాలిలో తేమ ఉన్నప్పుడు పెయింట్ వేస్తే మెరుపు పోయి తెల్లగా పాలిపోతుంది. సంక్రాంతి తర్వాత పొడి వాతావరణం వస్తుంది. మామిడికి పూత వచ్చే టైమే జీపుకు పూత వేయడానికీ మంచి టైమ్ అన్నమాట.

టైర్ల విషయంలో గీతలు లోతుగా ఉన్నాయని మోసపోవద్దు. టైరు పక్కన నాలుగంకెల నంబర్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. షెడ్డులో నిలబడి పగుళ్లు వచ్చిన టైరు ఎంత కొత్తగా కనిపించినా మార్చాల్సిందే.

ఈ20 పెట్రోల్ పోయొచ్చా?

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఆ రోజుల్లో ఈ ఇంజిన్లు దీని కోసం తయారైనవి కావు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. అందుకని పెట్రోల్ గొట్టాలు, పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ ప్యాకింగులు ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించాలి. బండిని నెలల తరబడి ఆపేస్తుంటే ట్యాంక్‌లో పెట్రోల్ అలా వదిలేయొద్దు, దించేయండి. మొదట్లో ఫిల్టర్‌ను తరచూ చూస్తుండాలి. ట్యాంక్ అడుగున పేరుకున్న చెత్తంతా ఇప్పుడు కదిలి వస్తుంది.

ఫోర్ వీల్ లివర్ ఎప్పుడు వేయాలి?

జీపు తయారయ్యాక చాలామంది చేసే తప్పు ఇది. తారు రోడ్డు మీద షో కోసం ఫోర్ వీల్ వేస్తారు. సీజే-3బీలో మెయిన్ గేర్ రాడ్ పక్కన రెండు చిన్న లివర్లు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలకు పవర్ కలపడానికి, రెండోది హై, లో మార్చడానికి. ముందు చక్రాలు కలిపాకే లో పడుతుంది.

మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ఆ తేడాను సర్దే ఏర్పాటు ఈ జీపుల్లో ముందుకూ వెనక్కూ మధ్య ఉండదు. బురదలో, ఇసుకలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్లు, షాఫ్టులు, జాయింట్ క్రాసుల మీద పడుతుంది. లివర్ బిగుసుకుపోతుంది, చివరికి ఏదో ఒకటి విరుగుతుంది. అందుకే తోట దారిలో వేసుకోండి, హైవే ఎక్కేముందు తీసేయండి.

చివరగా..

కాగితాలు, తర్వాత చాసిస్, ఆ తర్వాత బ్రేకులు, ఇంజిన్, వైరింగ్.. అన్నీ అయ్యాక పెయింట్. ఈ వరస మారితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. మొదటి టెస్ట్ డ్రైవ్ రోడ్డు మీద వద్దు. తోటలోనే, ఫస్ట్ గేర్‌లో, పది అడుగులకోసారి బ్రేక్ వేసి చూడండి. ఇన్సూరెన్స్ వచ్చాకే గేటు దాటించండి.

షెడ్డులో ఉన్నది 50 ఏళ్లు దాటి, అసలు ఇంజిన్‌తో, కలిసే నంబర్లతో ఉన్న జీపు అయితే దాని విలువ తుక్కు లెక్కలో తేలేది కాదు. తొందరపడి అమ్మేయొద్దు, తొందరపడి కోయించొద్దు. అలాగని కాగితాల్లేని బండి మీద అప్పు తెచ్చి మరీ లక్షలు పోయొద్దు. రేపు పొద్దున టార్పాలిన్ తీసినప్పుడు చేతిలో పానా కాదు, ముందు ఆర్సీ పుస్తకం ఉండాలి. తాతగారి ఇనప్పెట్టెలోనో, అటక మీదో అది దొరుకుతుందేమో వెతకండి. మిగతా పనులన్నీ ఆ పుస్తకం దొరికాకే.